దగ్గు లేదంటే వదిలేయకండి

సంపాదకుల వారికి,

జైళ్లలో టీబీ పరీక్షల గురించి ఈ మధ్య వార్తలు చూస్తున్నాను. సంతోషమే. అయితే ఖైదీల్లో హెచ్ఐవీ ఉన్నవారిని కూడా అందరితో పాటు వరసలో నిలబెట్టి, "దగ్గుందా?" అని ఒక్క ముక్క అడిగి పంపేస్తే వాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబ్‌లో ఏళ్ల తరబడి తెమడ పరీక్షలు చేసి రిటైరైన టెక్నీషియన్‌గా ఈ మాట చెబుతున్నాను.

జైలు నుంచి మాకు వచ్చిన డబ్బాల మూత తీస్తే చాలావాటిలో నురగ తేలే ఉమ్మే ఉండేది. పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా దగ్గి లోపలి నుంచి తీయాల్సింది తెమడ. కిక్కిరిసిన బ్యారక్‌లో అంతమంది చూస్తుంటే ఎవరు తీస్తారు? పైగా హెచ్ఐవీ సంగతి ఎక్కడ బయటపడుతుందోనన్న భయం. ఆసుపత్రిలో చేరాక ఒకతను చెప్పాడు, దగ్గు తెర వచ్చినప్పుడల్లా దుప్పటి నోట్లో కుక్కుకునేవాడట. అప్పటికే డొక్కలు లెక్కపెట్టేలా చిక్కిపోయాడు. నెలనెలా తూకం వేసి ఉంటే ముందే తెలిసేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లకు ఊపిరితిత్తుల్లో గుంటలు పడడం తక్కువ, తెమడలోకి వచ్చే క్రిములూ తక్కువే. మైక్రోస్కోపు కింద నెగెటివ్ అనే వస్తుంది. ఒక్కోసారి జబ్బు గ్రంథుల్లోనో, మెదడు పొరల్లోనో ఉంటుంది. అందుకే హెచ్ఐవీ ఉన్నవారిలో దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటున్నా టీబీని అనుమానించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్ల తెమడ నేరుగా టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్‌ పరీక్షకో ట్రూనాట్‌ పరీక్షకో వెళ్లాలి. ఎక్స్‌రే తీయాలి. జబ్బు లేదని తేలితే నివారణ మాత్రలు మొదలుపెట్టాలి.

రిమాండ్ ఖైదీలతో మరో తంటా. రిపోర్టు వచ్చేసరికి మనిషి బెయిల్ మీద వెళ్లిపోయి ఉంటాడు, లేదా ఇంకో జైలుకు మార్చేసి ఉంటారు. పాజిటివ్ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఎవరికి ఫోన్ చేయాలో తెలియని ఆ టెన్షన్ నేను పడ్డాను. 2022 జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో దేశంలోని ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణలో ఉన్నవారే. అప్పటికి జైళ్లలో జనం సామర్థ్యానికి 131 శాతం. విడుదలయ్యే రోజునే ప్రభుత్వ టీబీ రికార్డుల్లోని నిక్షయ్ నంబరు, హెచ్ఐవీ మందుల కోసం వెళ్లాల్సిన ఏఆర్‌టీ సెంటరు పేరు రాసి చేతిలో పెడితే సగం మందైనా మందులు మానరని నా నమ్మకం.

శిక్ష పడినా పడకపోయినా, ప్రభుత్వ కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్, చికిత్స హక్కని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. జైళ్ల శాఖకు, జిల్లా టీబీ అధికారులకు నా మనవి ఒకటే. లక్షణాలు అడిగేటప్పుడు వార్డర్లను దూరంగా ఉంచి, ఖైదీలందరినీ ఒక్కొక్కరిగా లోపలికి పిలవండి. హెచ్ఐవీ ఉన్నవారినే విడిగా పిలిస్తే బ్యారక్ మొత్తానికి తెలిసిపోతుంది, రేపటి నుంచి ఒక్కరూ నోరు విప్పరు.

- ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్