జంతువుల బొమ్మ మడతలో పడొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్ పిల్లల రచయిత్రి, చిత్రకారిణి బియాట్రిక్స్ పోటర్ తన కుందేలు కథను ప్రచురణకర్తలు కాదంటే 1901లో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించారు. పసిచేతుల్లో ఇమిడే పుస్తకం, పేజీకి కొన్నే వరుసలు, ఎదురుగా బొమ్మ. కోటు తొడిగినా చెవుల వంపు, వెనక కాళ్ల మడత అచ్చం కుందేలువే. పెంచుకున్న కుందేళ్లను చూసి చూసి గీసిన చేయి అది!

వరంగల్ బడిపిల్లలకు బొమ్మల కథలు వేసేవాళ్లకు మా మనవి. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున లెక్కేయండి, లేదంటే చివర్లో ఖాళీలు మిగుల్తయి. జింక ముఖం నడిమి మడతలో పడితే కన్ను కనిపించదు. పేజీ అంచు దాటి 3 మిల్లీమీటర్లు రంగు నింపండి, కాగితం కోతలో తెల్లగీత రాదు. పాలపిట్టను ఫోన్‌లో కాదు, పొలంగట్టు మీద చూసి గీయండి. రెక్క విప్పితేనే ఆ నీలం తెలుస్తది.

– పిల్లల పుస్తకాల చిత్రకారులు, హనుమకొండ