ఆయాసమంతా ఊపిరితిత్తులది కాదు

బర్మింగ్‌హామ్,
ఆదివారం రాత్రి

తమ్ముడూ,

గుంటూరు పెద్దాసుపత్రిలో నీకు పిల్లల క్యాజువాలిటీ డ్యూటీలు పడ్డాయని అమ్మ చెప్పింది. ఆయాసంతో వచ్చే బిడ్డల గురించి అడిగావుగా, ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నా.

ముందు ఊపిరి లెక్కపెట్టు. నిమిషం నిండా. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించొద్దు; పసివాళ్లు కాసేపు గబగబా తీసి కాసేపు ఆపుతారు. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40కి చేరితే వేగం కిందే లెక్క. ఏడుస్తున్నప్పటి అంకె పనికిరాదు. తల్లి ఒళ్లోనే ఉంచి చొక్కా పైకెత్తి చూడు.

అంకె చూడగానే చెయ్యి నెబ్యులైజర్ (మందుని ఆవిరిలా పీల్పించే యంత్రం) మీదికి పోతుంది. అక్కడే ఆగాలి. డొక్కలు ఎగరేస్తూ మూలుగుతుంటే సరే, ముందు ఊపిరితిత్తులనే అనుమానించు. డొక్కలు అంతగా ఎగరవు, స్టెత్ పెడితే ఛాతీ శుభ్రంగా ఉంది, అయినా లోతుగా, విడవకుండా లాగుతున్నాడా? రక్తంలో ఆమ్లం పెరిగిందేమో చూడు. నాలిక పిడచకట్టి, కళ్లు గుంటలు పడి, అయినా పక్క తడుపుతూనే ఉన్నాడంటే షుగరే. విరేచనాలతో ఎండిపోయిన బిడ్డకి ఉచ్చ తగ్గుతుంది, వీడికి తగ్గదు. ఉచ్చకి చీమలు పడుతున్నాయా అని అమ్మమ్మని అడుగు, తల్లికన్నా ఆవిడే ముందు చెబుతుంది. గ్లూకోమీటర్ మీద ఒక్క చుక్క చాలు. న్యుమోనియా, ఉబ్బసం అనుకొని స్టెరాయిడ్ ఇచ్చావో, షుగర్ ఇంకా ఎగబాకుతుంది. ఇన్సులిన్‌కీ తొందరొద్దు. సెలైన్ మొదలైన గంటకి, పొటాషియం చూసుకొని, కిలోకి గంటకి 0.05 నుంచి 0.1 యూనిట్ చొప్పున పంపులో. తలనొప్పి అన్నా, మత్తుగా ఉన్నా మెదడు వాపు అనుకొని వెంటనే సార్‌ని పిలువు.

ఇంకో మోసం గుండెది. నెలల బిడ్డ రెండు గుక్కలకే రొమ్ము వదిలేసి, నుదుటి మీద చెమటలు పోస్తుంటే, కుడి పక్కటెముకల కింద కాలేయం ఎంత దిగిందో వేళ్లతో చూడు. దిగిన బిడ్డకి సెలైన్ గుమ్మరిస్తే నీ చేతుల్లోనే మునిగిపోతాడు. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో చేసిన ఫీస్ట్ పరిశోధనలో, జ్వరంతో షాక్‌లో (ఒంటికి రక్తం సరిగా అందని స్థితిలో) ఉన్న పిల్లల్లో బోలస్, అంటే ఒక్కసారిగా వేగంగా ద్రవం, ఇచ్చినవాళ్లలో 48 గంటల్లో సుమారు 10.5 శాతం, ఇవ్వనివాళ్లలో 7.3 శాతం చనిపోయారు. విరేచనాల పిల్లల్ని అందులో కలపలేదు, అది మర్చిపోకు. ఇవ్వాల్సి వస్తే కిలోకి 10 మి.లీ., అయ్యాక మళ్లీ కాలేయం, మళ్లీ ఛాతీ.

బీపీ బాగుందని నర్సమ్మ అంటే నిశ్చింతపడకు. పిల్లల్లో అది ఆఖరున పడుతుంది. అంతకుముందే పాదాలు చల్లబడతాయి, గుండె పరుగెడుతుంది, రొమ్ము ఎముక మీద ఐదు సెకన్లు నొక్కి వదిలితే రంగు రావడానికి రెండు మూడు సెకన్లు దాటుతుంది.

నిమిషానికి 70 ఊపిర్లు తీస్తున్నవాడు గంటలో 30కి దిగాడని కేస్ షీట్లో ‘మెరుగు’ అని రాసే ముందు వాడి కళ్లలోకి చూడు. అమ్మ కోసం వెతుకుతుంటే సంతోషం. తల వాల్చేస్తుంటే అలసిపోయాడు, ఊపిరి అందించే బ్యాగూ మాస్కూ చేతిలోకి తీసుకో.

నాన్నని ఈ ఎండల్లో మిర్చి యార్డు వైపు తిరగొద్దని చెప్పు. నా మాటైతే వినరు.

అక్క