"అన్ని నేలలకు, అన్ని రకాలకు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను

హాలియా చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చి, మా దగ్గర ద్రవ అజోస్పైరిల్లం (గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియాతో చేసిన జీవన ఎరువు) కొని, ఈ వానాకాలంలో వరి నారుకు వాడిన రైతులందరికీ నమస్కారం. కోతలు ముగిశాక మీలో కొందరు ఒక బస్తా యూరియా తగ్గించినా పైరు పచ్చగానే నిలిచిందని చెప్పారు. మరికొందరు నారు వేర్లు ముంచి నాటిన మడికీ ముంచకుండా నాటిన మడికీ ఏ తేడా లేదని, కాస్త కోపంగానే, చెప్పారు. ఆ కోపం న్యాయమైనది. "అన్ని నేలలకు, అన్ని రకాలకు" అని సీసా మీద అచ్చు వేయించినవాణ్ని నేనే.

సెప్టెంబరులో ఇద్దరు రైతుల పొలాల నుంచి వేర్లు తెచ్చి చూశాను. ఇద్దరూ వేసింది తెలంగాణ సోనాయే, కొన్నదీ ఒకే పెట్టెలోని సీసాలే. ఒకరిది బోరు కింది చెల్క. ఏటా పశువుల పెంట తోలుతారు. రెండోవారిది సాగర్ ఎడమ కాలువ కింది బరువు నేల; యూరియా విషయంలో ఆయన చేయి పెద్దది. వేరు లోపల ఏముందో తెలియాలంటే ముందు వేరు పైన ఉన్నదాన్ని చంపాలి కనుక, వేర్లను కడిగి, స్పిరిటులోనూ బ్లీచింగు ద్రావణంలోనూ ముంచి తీసి, మరిగించి చల్లార్చిన నీటితో పలుమార్లు కడిగాను. ఆఖరున కడిగిన నీటిని కూడా విడిగా పరీక్షకు పెట్టాలి. అందులో ఏదైనా పెరిగిందంటే ఆ రోజు శ్రమంతా వృథా. తరువాత వేరును నూరి, నత్రజని కలపని, జావలాంటి మాధ్యమం పోసిన చిన్న సీసాల్లో వేశాను. గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా అందులో ఉంటే, దానికి ప్రాణవాయువు కొద్దిగానే కావాలి కనుక, పై అంచుకు కొన్ని మిల్లీమీటర్ల కింద తెల్లటి పలుచని పొర కడుతుంది. చెల్క వేర్ల సీసాల్లో మూడో రోజుకే పొర కనిపించింది. కాలువ కింది వేర్ల సీసాలు వారం దాటినా తేటగానే ఉన్నాయి.

అయితే ఆ పొర నేను అమ్మిన బ్యాక్టీరియాదేనని చెప్పలేను. పెంట తోలిన నేలలో ముందునుంచీ ఉన్నవి కూడా అలాగే పొర కడతాయి. ఆ సీసాల ఫొటో తీసి మా గోడకు తగిలించి అమ్ముకోవచ్చు గానీ, అది మోసం.

వేరులోకి ఎవరు చేరతారన్నది మొదట నేలను బట్టి ఉంటుంది. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కపై 2012లో వెలువడిన పరిశోధనల్లో, మొక్క వంశం మారినప్పటికంటే నేల మారినప్పుడే వేరు లోపలి బ్యాక్టీరియా ఎక్కువగా మారింది. అలాగని రకానికి విలువ లేదనుకోకూడదు. వేరు బయటికి వదిలే చక్కెరలు, ఆమ్లాలు రకాన్ని బట్టి మారతాయి; వాటికి ఆకర్షితమై వచ్చిన బ్యాక్టీరియా పక్కవేర్లు పొడుచుకొచ్చే చోట ఏర్పడే పగుళ్ల గుండా లోపలికి దూరుతుంది; లోపల ఎవరిని ఉండనివ్వాలో, ఎవరిని తరిమివేయాలో తేల్చేది మొక్క రక్షణ వ్యవస్థ. ఇండికా, జపానికా వరి రకాలను పొలంలో పెంచి చూసిన చైనా పరిశోధకులు, ఇండికా వేర్లలో నత్రజనికి సంబంధించిన బ్యాక్టీరియా ఎక్కువగా చేరుతుందని, నైట్రేటును లోపలికి తీసుకునే ఎన్‌ఆర్‌టీ1.1బీ అనే జన్యువుకు ఆ తేడాతో సంబంధం ఉందని 2019లో చూపారు. మన సాంబ మసూరి, తెలంగాణ సోనా రెండూ ఇండికాలే.

అజోస్పైరిల్లంలోనూ అన్నీ ఒకటి కావు. గోధుమలో ఎస్‌పీ245 అనే వంశం వేరు లోపలికి వెళుతుంది, ఎస్‌పీ7 చాలావరకు వేరు పైనే ఉండిపోతుంది. ఇక యూరియా సంగతి: బ్రెజిల్ చెరకులో 1988లో కనుగొన్న నత్రజనిని పట్టే బ్యాక్టీరియా, నత్రజని ఎరువు ఎక్కువ వేసిన చెరకులో బాగా తగ్గిపోతుందని తరువాత తేలింది. కాలువ కింది మడిలోనూ అదే జరిగి ఉంటుందని నా అనుమానం. తప్పు ఆయనది కాదు. యూరియా ఎంత వేస్తారని అడగకుండానే సీసా ఇచ్చింది నేను.

అందువల్ల ఈ యాసంగి నుంచి సీసా మీద ఆ మాట ఉండదు. అమ్మే ముందు నేల, నీరు, రకం, కిందటి పంటకు వేసిన ఎరువు అడుగుతాను; చౌడు మడులకు, యూరియా తగ్గించే ఉద్దేశం లేనివారికి అమ్మను. తేడా కనిపించని వానాకాలం కొనుగోలుదారులు ఖాళీ సీసా గాని, రశీదు గాని తెస్తే డబ్బు తిరిగి ఇస్తాను. వేర్లు పరీక్షించమని తెచ్చేవారు మొక్కను పీకకుండా పారతో మట్టిగడ్డతో సహా ఎత్తి, తడి గోనెసంచిలో చుట్టి, మధ్యాహ్నం లోపు తీసుకురావాలి. బండి సీటు మీద ఎండలో వాడిపోయిన వేరును నేను తీసుకోను.