పాత సోల్డరింగ్ ఐరన్ పిల్లల చేతికి ఇవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో వేసవి సెలవుల్లో ఇంట్లో చేసుకునే పనుల గురించి రాస్తూ, వేడి మొనతో కట్టె మీద బొమ్మలు కాల్చే కళ గురించి కూడా నాలుగు ముక్కలు వేశారు. రెండేళ్ళుగా నాకూ అదే పిచ్చి కాబట్టి సంబరంగానే చదవడం మొదలుపెట్టాను, కానీ ఇంట్లో మూలన పడి ఉన్న పాత సోల్డరింగ్ ఐరన్ (కరెంటుతో వేడెక్కి తీగలు అతికే పనిముట్టు) ఉంటే చాలు, పిల్లలు మొదలుపెట్టొచ్చు అన్న దగ్గర ఆగిపోయాను. ఆ "పాత" అన్న మాటతోనే నాకు పేచీ.

నాది నల్లగొండలో మోటార్ వైండింగ్ పని. సోల్డరింగ్ ఐరన్ చేతిలో పట్టుకోని రోజు ఉండదు. అతకడానికి కరిగించే సోల్డర్ తీగ బజారులో మామూలుగా దొరికేదాంట్లో 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం. వాడిన ఐరన్ బిట్ (వేడెక్కే మొన) మీద అది పొరలా పట్టి ఉంటుంది, గుడ్డతో తుడిస్తే పోయేది కాదు. ఆ వేడికి సీసం ఆవిరైపోదు గానీ ఆ పొర కట్టెకు అంటుతుంది, కట్టె నుంచి వేళ్ళకు, అదే చేత్తో పిల్లలు మామిడిపండు తింటారు. పిల్లల ఒంట్లో సీసం ఇంత ఉంటే ఫరవాలేదు అనే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎలక్ట్రికల్ షాపులో కొత్త 25 వాట్ల ఐరన్ పెద్ద ఖరీదేం కాదు. దాన్ని కట్టె పనికే ఉంచండి, సోల్డర్ ముట్టించకండి.

ఇంకో సంగతి, ఇది కరెంటు పని చేసేవాడికి తడుతుంది గానీ వీడియోల్లో ఎవరూ చెప్పరు. మా వీధిలో సాయంత్రం అందరూ కూలర్లు వేసేసరికి వోల్టేజీ 230 నుంచి 200కు జారుతుంది. అప్పుడు 25 వాట్ల ఐరన్ ఇచ్చేది 19 వాట్లే. పొద్దున నల్లగా వచ్చిన గీత సాయంత్రం టీ మరకలా వస్తుంది, మనమేమో చెయ్యి కుదరట్లేదనుకుని ఇంకా గట్టిగా నొక్కుతాం. నొక్కితే గీత నల్లబడదు, గుంట పడుతుంది. చెయ్యి నిదానిస్తే నలుపు వస్తుంది, అంతే. వేడిని పెంచి తగ్గించుకునే, కట్టె కాల్చే పెన్ను కొనగలిగితే మంచిదే, కానీ మొదటి నెలలో అవసరం లేదు.

డబ్బు కంటే ముందు కట్టె గురించి ఆలోచించండి. తెల్లగా, మెత్తగా, గీతలు తక్కువున్న కట్టె కావాలి. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి లాంటిది దొరికితే అదృష్టమే, మా వైపు దొరకదు. వడ్లాయన దగ్గర టేకు ముక్కలు ఊరికే వస్తాయి గానీ దానికి నూనె ఎక్కువ, రంగు ముదురు, పైగా ఆ పొగ కళ్ళు మండిస్తుంది. మోటార్లు వచ్చే పెట్టెల చెక్క నాకు కావలసినంత దొరుకుతుంది, ఎక్కువగా పైన్. అందులో ఒక గీత మెత్తన, ఒక గీత గట్టి, దాని మీద బిట్ నడిపితే పొలం గట్ల మీద సైకిల్ తొక్కినట్టే. విదేశాల నుంచి వచ్చిన పెట్టెల మీద కాల్చిన ముద్ర ఒకటి ఉంటుంది, అందులో ఇంగ్లీషులో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అని ఉంటే విషవాయువు పట్టించినది. ఆ రెండోదాన్ని ఇంట్లోకే తేవద్దు. ప్లైవుడ్ లోపలి జిగురు, ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పలక), పెయింటు, పాలిష్ పట్టించిన పాత తలుపు చెక్కలు, ఇవేవీ కాల్చేవి కావు.

నాకు చివరికి కలిసొచ్చింది బత్తాయి. బోరు మోటారు కాలి నా దగ్గరికి వచ్చిన ఒక రైతు ముసలి తోట తీసేస్తున్నాడు, కట్టెంతా పొయ్యిలోకే పోతోంది. నాలుగు మొద్దులు అడిగి తెచ్చుకున్నాను. లోపల లేత పసుపు, గీతలు దగ్గర దగ్గరగా, చెయ్యి పెడితే నున్నగా ఉంది. ఆత్రంకొద్దీ అడ్డంగా బిళ్ళలు కోయించి మే నెల ఎండలో డాబా మీద ఆరబెట్టాను, మధ్యాహ్నానికల్లా టప్ టప్ మని పగిలి ఊరుకున్నాయి. మిగిలిన రెండు మొద్దుల్ని నిలువుగా చీల్పించి, నడిమి దవ్వ తీసేసి, పలకల మధ్య పుల్లలు పెట్టి నీడలో పేర్చాను. అర అంగుళం పలకలు ఆరడానికి ఆరు నెలలు పట్టింది. పచ్చిగా ఉంటే బిట్ పెట్టగానే చుయ్‌మంటుంది, గీత అంచులు చెదిరిపోతాయి, ఇంకా ఆగాలని దానర్థం. ఆరాక 120 నంబరు గరుకు కాగితం, తర్వాత 220, రెండూ కట్టె గీతల వెంబడే రుద్దాలి.

ఇక చెయ్యి. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, వీడియోలు చూసి నేను మొదటిరోజే పులి ముఖం మొదలుపెట్టాను. అది పిల్లికీ పందికీ మధ్యలో ఎక్కడో ఆగింది. ఇప్పుడు మా ఇంట్లో నీళ్ళ బిందె మీద మూత అదే. నా కంటే మా ఇంటామె చెయ్యి తొందరగా కుదిరింది, ఎందుకో గమనిస్తే అర్థమైంది. ముగ్గు వేసేటప్పుడు పిండి నేల మీద పడక ముందే చెయ్యి కదులుతుంటుంది. ఇక్కడా అంతే. బిట్‌ను పలక మీద ఆనించి, అప్పుడు కదిలిస్తే మొదట్లో నల్లటి బొట్టు పడుతుంది, గీత చివర్లో ఆగితే ఇంకో బొట్టు. గాల్లోనే కదలిక మొదలుపెట్టి, దిగి, కదులుతూనే లేవాలి. అందుకే మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది, పులులూ దేవుళ్ళూ తర్వాత, ముందు చుక్కల ముగ్గు ఒకటి పెన్సిల్‌తో వేసుకుని దాన్ని కాల్చండి, పాడైన పలక వెనక వైపు కూడా వాడుకోండి. కార్బన్ పేపర్‌తో దించితే ఆ మరక రబ్బరుకు పోదు.

పొగ సంగతి. ఫ్యాన్ మీ వైపు పెడితే బిట్ చల్లారిపోతుంది, కిటికీ దగ్గర బయటికి లాగేలా పెట్టండి. ముఖం సరిగ్గా పలక మీదికి వంచకండి. గుడ్డ మాస్కు ఈ పొగను ఆపదు. కరెంటు పోయింది కదా అని ప్లగ్ వదిలేసి లేవకండి, మీరు వంటింట్లో ఉండగా వస్తుంది. చివర్న అవిసె నూనె రుద్దేవాళ్ళు ఆ గుడ్డను ఉండచుట్టి మూలన పడేయొద్దు, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి, ఆరుబయట పరిచి ఆరనివ్వాలి.

వచ్చే ఆదివారం అదే పేజీలో "పాత" తీసేసి "కొత్త" అని, "పిల్లలు" పక్కన "పెద్దవాళ్ళు కూర్చుంటేనే" అని ఒక సవరణ వేయండి. సెలవులు ఇంకా నెల ఉన్నాయి.

ఇట్లు
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్, నల్లగొండ