స్టీరింగ్ ప్లే (లూజు) ఎక్కడుందో చూడకుండా రాక్ మార్చమన్న సర్వీస్ సెంటర్‌పై ఫిర్యాదు

కర్నూలు

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: పవర్ స్టీరింగ్ లూజును సరిగా పరీక్షించకపోవడం, రాక్ అడ్జస్టర్‌ను అతిగా బిగించడం గురించి.

అయ్యా,

మా కారుది హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. తిన్నగా పోయేటప్పుడు స్టీరింగ్ కొంచెం తిప్పినా చక్రాలు కదలడం లేదనీ, గతుకు తగిలితే చేతికి టక్కుమని కొడుతోందనీ చెప్పి మీ కర్నూలు సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాం. మొదటిసారి రెండు వైపులా టై రాడ్ ఎండ్లు (రాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి కీళ్లు) మార్చి, అలైన్‌మెంట్ చేసి బిల్లు వేశారు. ప్లే తగ్గలేదు. రెండోసారి రాక్ అడ్జస్టర్ బిగించారు. రాక్ అంటే చక్రాలను పక్కలకు నెట్టే పళ్ల కడ్డీ, దాన్ని కదిపే పళ్ల చక్రం పినియన్; ఆ రెండూ ఎంత గట్టిగా ఆనుకోవాలో సరిచేసే స్క్రూ అడ్జస్టర్. ఈ బిగింపు తాత్కాలికమేననీ, రాక్ అసెంబ్లీ మొత్తం మార్చాలనీ జాబ్ కార్డులో రాసిచ్చారు.

ప్లే రాక్‌లో లేదు. స్టీరింగ్ కాలమ్‌ను రాక్‌కు కలిపే షాఫ్టు కింది క్రాస్ జాయింట్‌లో (వంపులోనూ తిరిగే కీలు) ఉంది.

మీ టెక్నీషియన్ కారును లిఫ్టుపైకి ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా, ఇంజన్ ఆపి స్టీరింగ్ ఊపి చూశారు. ఇందులో రెండు తప్పులున్నాయి. చక్రాల మీద బరువు లేకపోతే అరిగిన జాయింట్ సులువుగా దొరకదు, అన్నీ కలిసి తేలిగ్గా తిరిగిపోతాయి. ఇక ఇంజన్ ఆపితే పంపు ప్రెషర్ ఉండదు. అప్పుడు పినియన్ మీదుండే టార్షన్ బార్ (మెలితిరిగి ఆయిల్ వాల్వును తెరిచే సన్నని కడ్డీ) మెలితిరుగుతుంది. ఆ కదలిక ప్లే కాదు, వాల్వు పనిచేసే తీరే అది. దాన్నే చూసి రాక్ పోయిందన్నారు.

చేయాల్సిన పరీక్షకు ఇద్దరు మనుషులు, పది నిమిషాలు చాలు. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి. అందుకు డ్రైవ్ ఆన్ ర్యాంపు గానీ, సర్వీస్ గుంత గానీ కావాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ రెండు మూడు అంగుళాలు మాత్రమే ఆడిస్తూ ఉండాలి. రెండో మనిషి కింద ఒక్కో జాయింట్‌పై వేళ్లు పెట్టి వరసగా చూసుకుంటూ రావాలి: కాలమ్ కింద క్రాస్, పినియన్ దగ్గర షాఫ్టును పట్టి ఉంచే పించ్ బోల్టు, రాక్ బ్రాకెట్ బుష్షులు, బూటు (రాక్ చివర ఉండే రబ్బరు తొడుగు) లోపలి రాక్ ఎండ్, చివర టై రాడ్ ఎండ్.

మేం వేరే చోట ఇదే చేయించాం. కింది క్రాస్‌కు అడ్డంగా చాక్‌పీసుతో ఒక గీత గీసి ఆడిస్తే, పై యోక్ (క్రాస్‌ను పట్టి ఉంచే రెండు కొమ్ముల ముక్క) కదిలిన తర్వాత కింది యోక్ ఒక క్షణం ఆగి కదిలింది. గీత అక్కడ విరిగినట్టు రెండుగా కనిపించింది. క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి. లోపల గ్రీసు ఎండి సూది బేరింగులు అరిగినప్పుడు వచ్చే పొడి అది. రాక్ రబ్బరు బూట్లు పొడిగా ఉన్నాయి, ఎక్కడా ఆయిల్ చెమ్మ లేదు. తర్వాత జాకీ మీద లేపి చక్రాన్ని గడియారంలో 9, 3 ఉండే చోట్ల పట్టి ఊపితే ఆట లేదు, కాబట్టి టై రాడ్లు బాగున్నట్టే. 12, 6 దగ్గర ఊపినా ఆట లేదు, కాబట్టి బేరింగు, బాల్ జాయింట్ బాగున్నట్టే.

ఇంజన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్ రిమ్ దగ్గర స్కేలుతో కొలిస్తే ప్లే 45 మిల్లీమీటర్లు వచ్చింది. చాలా కార్ల మాన్యువళ్లలో 30 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంటుంది. ఆ ఒక్క షాఫ్టు మార్చాక 12కు దిగింది. స్టీరింగ్‌ను తిన్నగా కట్టేసి ఉంచి షాఫ్టు విప్పాలి, లేకపోతే ఎయిర్‌బ్యాగ్ క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్‌లోని ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్టిన తీగ) తెగే ప్రమాదం ఉంది. అంతకు మించి ఈ పనిలో కష్టమేమీ లేదు.

డబ్బు పోవడం కంటే ఎక్కువ బాధ పెట్టింది అడ్జస్టర్ సంగతి. రాక్ పళ్లు ఎక్కువగా అరిగేది నడిమి భాగంలోనే, ఎందుకంటే కారు ఎక్కువసేపు తిన్నగానే పోతుంది. నడిమి భాగానికి సరిపోయేలా బిగిస్తే, అరగని పక్క భాగాల్లో పినియన్ పట్టేస్తుంది. ఇప్పుడు మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం లేదు. నంద్యాల రోడ్డులో లారీని దాటి మళ్లీ లేన్‌లోకి వచ్చేటప్పుడు ఇలా జరిగితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

అందువల్ల అడ్జస్టర్‌ను మీ మాన్యువల్ ప్రకారం, స్టీరింగ్ తిప్పడానికి పట్టే బలం కొలిచి, మా ఎదుటే మళ్లీ సెట్ చేయించండి. అవసరం లేకుండా మార్చిన టై రాడ్ ఎండ్ల ధర, రెండుసార్ల లేబర్ చార్జీ వాపసు ఇవ్వండి. తీసేసిన పాత ఎండ్లు మాకు చూపలేదు, వాటినీ అప్పగించండి. రాక్ మార్చాలని రాసేముందు ఏ జాయింట్‌లో ఎంత ప్లే ఉందో జాబ్ కార్డులో నింపాలని మీ సెంటర్లన్నిటికీ చెప్పండి. జాబ్ కార్డులు, రెండు బిల్లులు, చాక్ గీత వీడియో, తీసిన షాఫ్టు ఫొటోలు జత చేస్తున్నాం.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. అడ్జస్టర్ సరిచేసేదాకా ఆ కారును రోడ్డెక్కించడం లేదు, దయచేసి ముందు ఆ పనికి తేదీ చెప్పండి.

ఇట్లు,
వాహన యజమానులు