తూటా లాట్‌ను పరీక్షించి ఎంచుకునే వీలు జూనియర్ షూటర్లకూ కల్పించాలి

గౌరవనీయ సంపాదకులకు నమస్కారాలు.

షూటింగ్ క్రీడకు మన రాష్ట్రంలో ఆదరణ పెరిగినప్పటి నుంచి రైఫిళ్ల ధరల గురించి, కోచ్‌ల గురించి, రేంజ్‌ల కొరత గురించి పత్రికల్లో అప్పుడప్పుడూ చదువుతున్నాం. తూటా గురించి మాత్రం ఎవరూ రాయడం లేదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ దాటి .22 రైఫిల్‌కో పిస్టల్‌కో మారిన పిల్లల తల్లిదండ్రులకు మొదట ఎదురయ్యే సమస్య అదే. ఏ తూటా నమ్మదగినదో, తమ తుపాకీకి ఏ లాట్ (ఒకే విడతలో తయారై, ఒకే నంబరు వేసిన తూటాలు) సరిపోతుందో పరీక్షించి తెలుసుకునే ఏర్పాటు మన పిల్లలకు దాదాపు లేదు. ఒక జూనియర్ షూటర్ తండ్రిగా ఈ విషయాన్ని క్రీడా శాఖ, షూటింగ్ సంఘాల దృష్టికి మీ పత్రిక ద్వారా తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్, 25 మీటర్ల పిస్టల్ పోటీలన్నీ .22 లాంగ్ రైఫిల్ అనే రిమ్‌ఫైర్ తూటాతోనే జరుగుతాయి. హైదరాబాద్‌కు చెందిన ఇషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ రజతం గెలిచింది ఈ తూటాతోనే; 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో గగన్ నారంగ్ 50 మీటర్ల ప్రోన్ రజతం సాధించిందీ దీనితోనే. పెద్ద తుపాకుల తూటాకు, అంటే సెంటర్‌ఫైర్ తూటాకు, అడుగు మధ్యలో విడిగా ఒక ప్రైమర్ (దెబ్బ తగలగానే అంటుకునే మందు ఉన్న చిన్న మూత) ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాకు అది ఉండదు. ఇత్తడి కేసు అడుగున మడిచిన అంచు లోపలికి తడి ప్రైమర్ మందు చేరేలా కేసును వేగంగా తిప్పి, ఆ తరువాత ఆరబెడతారు. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపినప్పుడు మందు అంటుకుంటుంది. పూత ఎక్కడైనా పలచబడి, పిన్ సరిగ్గా అక్కడే తగిలితే తూటా పేలదు. పేలినా మంట సమంగా అంటుకోక గుండు వేగం మారిపోతుంది. గుండును ముందుకు తోసే మందు గ్రాములో పదో వంతు కూడా ఉండదు కాబట్టి, తయారీలో జరిగే అతి చిన్న తేడా కూడా టార్గెట్ మీద కనిపించి తీరుతుంది.

సెంటర్‌ఫైర్ తూటాలు వాడే షూటర్ కావాలనుకుంటే మందు తూచుకుని, గుండు మార్చుకుని, తన తుపాకీకి నప్పేలా తూటాను మళ్లీ నింపుకోగలడు. రిమ్‌ఫైర్ తూటాకు ఆ అవకాశం లేదు. పెట్టెలో ఎలా వస్తే అలాగే పేల్చాలి. అందువల్ల షూటర్ చేతిలో మిగిలేది ఎంపిక ఒక్కటే, మన జూనియర్లకు అందనిదీ అదే.

ఈ తేడా ఎంత ఉంటుందో పాఠకులకు లెక్కతో చెబుతాను. పోటీ తూటాలోని గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. అది గొట్టం నుంచి సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో వెలువడుతుంది. ధ్వని వేగమైన సుమారు 340 మీటర్ల కంటే కావాలనే తక్కువగా ఉంచుతారు, ఎందుకంటే ధ్వని వేగాన్ని దాటి బయలుదేరిన గుండు మధ్యదారిలో మళ్లీ ఆ వేగం కిందికి వచ్చేటప్పుడు కుదురు తప్పుతుంది. హై వెలాసిటీ అని రాసి ఉన్న పెట్టెలు టార్గెట్ షూటింగ్‌కు పనికిరానిది ఇందుకే. ఇక ఒకే పెట్టెలోని రెండు తూటాల మధ్య వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉందనుకుందాం. 50 మీటర్ల దూరం చేరేసరికి నెమ్మదైన గుండు 7 మిల్లీమీటర్లకు పైగా కిందికి తగులుతుంది. ఆ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. షూటర్ ఊపిరి బిగబట్టి, గురి కదలకుండా, ట్రిగర్‌ను తప్పు లేకుండా నొక్కినా దశాంశ స్కోరులో గరిష్ఠమైన 10.9 రావలసిన తూటాకు 10.0 వస్తుంది. పది అంచున పడవలసినది తొమ్మిదికి జారుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ అర్హత పోటీలో స్వప్నిల్ కుశాలే 590 పాయింట్లతో ఏడో స్థానంలో నిలిచి ఫైనల్ చేరి కాంస్యం గెలుచుకోగా, 589 సాధించిన ఐశ్వరీ ప్రతాప్ సింగ్ తోమర్ పదకొండో స్థానంతో వెనుదిరిగాడు. ఆ ఒక్క పాయింటు తూటా వల్ల పోయిందని నేను అనడం లేదు. ఈ క్రీడలో ఒక్క పాయింటు విలువ ఎంతో గుర్తు చేస్తున్నాను.

ఇక్కడే మన తల్లిదండ్రుల్లో ఒక అపోహ బలంగా ఉంది. ఖరీదైన పెట్టె కొంటే చాలునని అనుకుంటారు. ఈలీ టెనెక్స్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50, లాపువా ఎక్స్-యాక్ట్ వంటివి గొప్ప తూటాలే, సందేహం లేదు. కానీ ఒకే పేరుతో, ఒకే ధరకు అమ్మే తూటాలు కూడా లాట్ లాట్‌కూ మారతాయి. పైగా ప్రతి బ్యారెల్‌కూ (తుపాకీ గొట్టానికీ) తనదైన ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఒక రైఫిల్‌లో పది తూటాలూ పది, పన్నెండు మిల్లీమీటర్లలో ఇమిడిన లాట్, పక్క లేన్‌లోని అదే కంపెనీ రైఫిల్‌లో ఇరవై మిల్లీమీటర్లకు విచ్చుకోవచ్చు. ఒక మెట్టు తక్కువ ధర పెట్టె, లాట్ నప్పితే, అన్నిటికన్నా ఖరీదైన పెట్టెను మించిపోయిన సందర్భాలు ఏ కోచ్‌ను అడిగినా చెబుతారు. అందుకే పెద్ద దేశాల షూటర్లు బ్రాండ్ పేరు చూసి కొనరు. తమ బ్యారెల్‌ను ఇంగ్లండ్‌లోని ఈలీ పరీక్షా కేంద్రానికో, జర్మనీలోని షోనెబెక్‌లో ఉన్న లాపువా కేంద్రానికో తీసుకువెళ్లి, దాన్ని కదలకుండా బిగించి, వరుసగా లాట్లు పేల్చి చూసి, నప్పిన లాట్‌ను రెండు మూడు సీజన్లకు సరిపడా ఒకేసారి కొనుక్కుంటారు.

మన దగ్గర జరిగేది దీనికి విరుద్ధం. దిగుమతి తూటాలు సంఘాల ద్వారానో, అనుమతి ఉన్న డీలర్ల ద్వారానో ఎప్పుడు వస్తే అప్పుడు, ఏ లాట్ వస్తే అది పిల్లలకు అందుతుంది. నా కూతురికి ఒక పోటీకి ముందు ఇచ్చిన పెట్టెల మీద మూడు వేర్వేరు లాట్ నంబర్లు ఉన్నాయి. అడిగితే, అన్నీ ఒకటే కంపెనీవి కదా అన్నారు. మరో పెట్టెలో పేలని తూటాలు వరుసగా వచ్చాయి. శిక్షణ కోసం లాట్లు కలిపి వాడినా నష్టం లేదేమో కానీ, పోటీ రోజున అలా కలిపి ఇవ్వడం ఆ పిల్ల నెలల శ్రమను గాలికి వదిలేయడమే.

పరీక్ష అంటే అంత కష్టమైన పనేమీ కాదు. రైఫిల్‌ను బిగించడానికి ఒక గట్టి చట్రం, ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉన్న ఒక్క లేన్, ఓపిక ఉన్న ఒక మనిషి చాలు. లాట్ మార్చిన ప్రతిసారీ మొదటి కొన్ని తూటాలను లెక్కలోకి తీసుకోకూడదు; గుండ్లకు పూసే మైనం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి, బ్యారెల్ లోపలి పాత పూత పోయి కొత్తది పట్టే వరకూ గ్రూప్ (టార్గెట్ మీద గుండ్ల గుర్తుల గుంపు) కుదరదు. ఆ తరువాత పదేసి తూటాల చొప్పున కనీసం నాలుగు గ్రూపులు పేల్చి, నలభై గుర్తులనూ ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి. ఐదు తూటాల అందమైన గ్రూప్ ఒకటి చూపించి సంబరపడడం మన రేంజ్‌లలో అలవాటు, అది దాదాపు ఏమీ చెప్పదు. ఒకటి రెండు తూటాలు దూరంగా పడే లాట్‌ను, మిగతావి ఎంత ముద్దగా ఉన్నా, పోటీకి ఎంచుకోకూడదు. అంచు మందం కొలిచి తూటాలను వేరు చేసే పనికి కొందరు పిల్లలు గంటలు వెచ్చిస్తున్నారు. ఆ సమయంలో సగం లాట్ పరీక్షకు ఇస్తే ఫలితం ఎక్కువని నా నమ్మకం.

నిల్వ విషయంలోనూ అశ్రద్ధ ఉంది. మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో తూటా పెట్టెలు వదిలేస్తే గుండు మీది మైనం మెత్తబడి కారిపోతుంది. ఇక తూటా పేలనప్పుడు వెంటనే బోల్ట్ (గొట్టం వెనుక భాగాన్ని మూసి ఉంచే గడియ) తెరిచే పిల్లలను నేను చూశాను, అది ప్రమాదం. తుపాకీ గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి, కొంతసేపు ఆగి, రేంజ్ ఆఫీసర్‌కు చెప్పాకే తీయాలి. శబ్దం మామూలు కన్నా మెల్లగా వస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుందేమో చూడకుండా రెండో తూటా పేల్చకూడదు.

గచ్చిబౌలిలోని ప్రభుత్వ షూటింగ్ రేంజ్‌లో 50 మీటర్ల లేన్ ఒకదాన్ని నెలలో ఒక రోజు లాట్ పరీక్షకు కేటాయించి, బిగింపు చట్రం ఏర్పాటు చేయాలని క్రీడా శాఖను కోరుతున్నాను. తూటాలు తెప్పించే ముందే రెండు మూడు లాట్ల నమూనాలు తెచ్చి, పరీక్షించాక అదే లాట్‌ను ఒక్కో షూటర్ పేరున సీజన్ అంతటికీ కేటాయించడం సంఘాలు చేయగలిగిన పనే. ఇచ్చిన ప్రతి పెట్టె లాట్ నంబరునూ రిజిస్టరులో రాయాలి, పేలని తూటాలను ఆ నంబరు కింద నమోదు చేయాలి. మన ఆయుధ కర్మాగారాలు తయారు చేసే .22 తూటాలు శిక్షణకు ఎంతో ఆసరాగా ఉన్నాయి. ఈలీ తన పోటీ తూటాల పెట్టెల మీద లాట్ వేగాన్ని ముద్రించినట్లే అవి కూడా ముద్రిస్తే, వాటిలో మంచి లాట్లను ఏరుకునే వీలు పిల్లలకు కలుగుతుంది. తూటాల పరిమితి, లైసెన్సు నిబంధనలు కేంద్రం పరిధిలోనివి, వాటికి సమయం పట్టవచ్చు. రిజిస్టరులో ఒక గడి పెంచడానికి, నెలకో లేన్ ఇవ్వడానికి మాత్రం ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. రాబోయే రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌కు ముందే ఈ రెండూ మొదలుపెట్టాలని మనవి.

ఇట్లు,
ఒక జూనియర్ షూటర్ తండ్రి,
సికింద్రాబాద్