డేమియన్‌కు జబ్బు అంటించింది తాకుడేనా?

సంపాదకులకు,

ఏటా మే 10న పునీత డేమియన్ పండుగ దగ్గరపడగానే ఆయన మీద వ్యాసాలు వస్తాయి. ‘రోగులను తాకి తానూ కుష్ఠు తెచ్చుకున్నారు’ అనే మాట వాటిలో తప్పకుండా ఉంటుంది. రాసింది భక్తితోనే, పాఠకుడికి మిగిలేది మాత్రం భయం.

బెల్జియంలో పుట్టిన కేథలిక్ గురువు డేమియన్ 1873 మే 10న హవాయి దీవుల్లోని మొలకైకి చేరారు. ప్రభుత్వం 1866 నుంచి రోగులను తెచ్చి వదిలేస్తున్న చోటది. ఆయన గొట్టాలతో నీళ్లు రప్పించారు, ఇళ్లు కట్టారు, పుళ్లకు కట్లు కట్టారు, శవపేటికలూ చేశారు. 1884 చివర్లో వేడినీళ్లకు పాదం కాలి బొబ్బలెక్కినా ఆయనకు నొప్పి తెలియలేదు, కుష్ఠు సోకిందనడానికి అదే గుర్తు. అంటే పనిచేసే మందే లేని కాలంలో, చికిత్స అందని రోగుల మధ్య పదకొండేళ్లు గడిచాక. 1889 ఏప్రిల్ 15న, 49 ఏళ్లకు కన్నుమూశారు. 1888లో అక్కడికి వచ్చిన మదర్ మారియాన్ కోప్ అదే రోగులకు ముప్పై ఏళ్లు సేవ చేసి, 1918లో 80 ఏళ్లకు పోయారు. ఆమెకు జబ్బు సోకలేదు. 2012లో ఆమెనూ పునీతురాలిగా ప్రకటించారు, మన వ్యాసాల్లో ఆ పేరే వినబడదు!

నూటికి 95 మందికి పైగా ఈ క్రిమిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. చికిత్స తీసుకోని రోగితో నెలల తరబడి దగ్గరగా మెలిగితేనే, ఎక్కువగా తుమ్ము, దగ్గు తుంపరల ద్వారా సోకుతుంది. కరచాలనంతో, పక్కన కూర్చుంటే అంటదు. సోకినా బయటపడటానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది.

డేమియన్ పాదం చెప్పేది స్పర్శ సంగతి. ఒంటిమీద పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ ఉంటే, కళ్లు మూసుకోమని దానిమీద బాల్‌పెన్ మొనతో మెల్లగా తాకాలి. ఎక్కడ తాకారో చూపలేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. మందులు ఉచితం: అయిదు మచ్చల వరకు 6 నెలలు, అంతకు మించితే 12 నెలలు. ఆ మందుల్లో రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రబడుతుంది, క్లోఫాజిమిన్‌తో చర్మం నల్లబడుతుంది. జనం భయపడి మానేసేది ఇక్కడే. రెండూ మందు ఆపాక తగ్గేవే. నరం నొప్పి, వాపు వస్తే మాత్రం ఆగకుండా డాక్టరును కలవాలి, మాత్రలు మానకూడదు.

పాదాల్లో స్పర్శ పోయినవారు రోజూ ఇరవై నిమిషాలు మామూలు నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో రుద్ది, తడి ఆరకముందే నూనె రాయాలి. వేడినీళ్లు వాడాల్సి వస్తే స్పర్శ ఉన్న ఇంకొకరు ముందు చెయ్యి పెట్టి చూడాలి.

వచ్చే మే నెలలో డేమియన్ ఫొటో పక్కన ఈ మచ్చ పరీక్షను కూడా ఒక చిన్న పెట్టెలో వేయండి.

– విశ్రాంత పారామెడికల్ ఉద్యోగులు, విజయనగరం